బాండు పేపరు మీద రాసివ్వమంటున్నారు, రాయాలా?

ప్రశ్న: మాది కల్వకుర్తి దగ్గర పల్లె. ఆరు వందల గడప ఉంటుంది. నేను డిగ్రీ చదివాను, మహిళా సంఘం లెక్కలు రాస్తాను. ఈసారి సర్పంచి సీటు మహిళలకు వచ్చిందని మా ఇంట్లోవాళ్ళు నన్ను నిలబెడుతున్నారు. అవతలి అభ్యర్థి భర్త మొన్న రచ్చబండ దగ్గర వంద రూపాయల బాండు పేపరు చదివి వినిపించాడు. ఆడపిల్ల పెళ్ళికి 5,116, ఎవరైనా చనిపోతే దినాల ఖర్చుకు 10,000, ఊరి ముందు కమాను, కోతుల బెడద లేకుండా చేస్తాం, బెల్టు షాపులు మూయిస్తాం అని రాసి ఉంది. మనం 10,116 అని రాద్దాం, అవసరమైతే ఎకరం అమ్ముదాం అంటున్నారు మా మామ, బావగారు. నాకు రాత్రిళ్ళు నిద్ర పట్టడం లేదు, ఒకటే టెన్షన్. జనం ఇలాంటివి నిజంగా నమ్మి ఓటేస్తారా? రాసివ్వకపోతే ఓడిపోతానా? — ఒక సోదరి

సమాధానం:

చెల్లెమ్మా, మీరు సంఘం లెక్కలు రాసే మనిషి కాబట్టి ముందు లెక్కే చూద్దాం. మీ ఊళ్ళో ఏడాదికి పదిహేను మంది ఆడపిల్లల పెళ్ళిళ్ళు జరుగుతాయనుకోండి. 5,116 చొప్పున 76,740 అవుతుంది. అయిదేళ్ళకు 3,83,700. సర్పంచికి వచ్చే గౌరవ వేతనం నెలకు 6,500. అయిదేళ్ళూ ఒక్క నెల ఆగకుండా వచ్చినా మొత్తం 3,90,000. పెళ్ళి చదివింపులకే జీతమంతా పోగా చేతిలో మిగిలేది 6,300. ఇందులో చావుల ఖర్చు లేదు. ఏడాదికి పది మంది పోయారనుకున్నా అయిదేళ్ళకు అయిదు లక్షలు కావాలి. మీ బావగారి మాట మీద 10,116 రాస్తే పెళ్ళిళ్ళకే 7,58,700 కావాలి. ఈ కాగితం ఆయన ముందు పెట్టి, ఏ పద్దు కింద రాయమంటారో అడగండి.

పంచాయతీ డబ్బులో అలాంటి పద్దు లేదు. ఆర్థిక సంఘం నిధుల్లో పెద్ద భాగం తాగునీటికి, పారిశుధ్యానికే వాడాలి. మిగతాది కూడా మోరీ (మురుగు కాలువ), వీధి దీపం, రోడ్డు లాంటి ఊరి పనులకే పోవాలి. ఇంటి పన్ను ఎంత వసూలవుతుందో పన్నులు వసూలు చేసే మీ కారోబార్‌ను అడిగితే చెబుతాడు. ట్రాక్టరు డీజిలుకు, మల్టీపర్పస్ వర్కర్ల జీతాలకు వెతుక్కునే పంచాయతీలే ఎక్కువ. ఊరి పనులకు అప్పు తెచ్చి పెట్టి, బిల్లులు రాక ఆఫీసుల చుట్టూ తిరిగిన మాజీ సర్పంచులు మీ మండలంలోనే దొరుకుతారు. నామినేషన్ వేసే ముందు వాళ్ళలో ఒకరి ఇంటికి వెళ్ళి చాయ్ తాగి రండి.

ఇక ఆ 5,116 ఎక్కడి నుంచి వస్తుంది? మొదటి ఏడాది జేబులోంచి ఇస్తారు. రెండో ఏడాది అప్పు చేస్తారు. మూడో ఏడాదికి సీసీ రోడ్డులో సిమెంటు తగ్గుతుంది, చెరువు మొరం రాత్రిపూట కదులుతుంది, ప్లాట్లు వేసి అమ్మే వెంచర్ వాళ్ళ కాగితం మీద సంతకానికి రేటు పడుతుంది. అప్పటికి సర్పంచి చెడ్డ మనిషి అయి ఉండాల్సిన పని లేదు. ఊరి ముందు ఇచ్చిన మాట తప్పితే పరువు పోతుందని భయపడే మనిషే ఈ దారి పడతాడు. ఎన్నికల హామీల గురించి మాట్లాడేటప్పుడు జనం మోసపోతారా లేదా అనే అడుగుతాం. ఇచ్చినవాళ్ళను ఆ హామీ ఏం చేస్తుందో అడగం. నాకు మీ విషయంలో భయం అక్కడే.

జనం నమ్ముతారా అని అడిగారు. సగం నమ్ముతారు. మిగతా సగం నమ్మకపోయినా విని గుర్తుపెట్టుకుంటారు. దేవరకొండ వైపు ఒక ఊళ్ళో నాకు తెలిసిన ఒక పెద్దావిడ సర్పంచి ఎన్నికల్లో ముగ్గురు అభ్యర్థులు పంచిన కరపత్రాలను మడిచి బియ్యం డబ్బాలో దాచింది. ఫలితం రాగానే ఓడిన ఇద్దరివి పొయ్యిలో వేసింది. గెలిచినాయన కరపత్రాన్ని మాత్రం ప్రతి గ్రామసభకూ కొంగున ముడేసుకుని తెచ్చేది. చదువు రాదు, పక్కన కూర్చున్న పిల్లాడితో చదివించేది. "నాలుగోది చదువు బిడ్డా, బాయి కాడ లైటు" అనేది. ఆ లైటు రెండేళ్ళకు పడింది. ఆవిడ ఆయనకే ఓటేసిందో లేదో నాకు తెలియదు. వేయలేదనే నా అనుమానం.

మీ వైపే ఇంకో పాత కథ ఉంది. 1983 జనవరి ఎన్నికలకు ఎన్టీఆర్ కిలో రెండు రూపాయల బియ్యం ఇస్తామన్నారు. అప్పటి కాంగ్రెస్ ప్రభుత్వం ఎన్నికలకు ముందే రూపాయి తొంభై పైసలకు మొదలుపెట్టింది. పది పైసలు తక్కువ, పైగా అప్పుడే చేతికి వచ్చే బియ్యం. అయినా కాంగ్రెస్ ఓడిపోయింది. ఆ ఎన్నికలో ఇంకా ఎన్నో కారణాలున్నాయి, కాదనను. కానీ ఆ మాట ఎవరు ముందు అన్నారో జనానికి తెలుసు. వెనక వచ్చి ఎక్కువ చెప్పినవాళ్ళు అవతలివాళ్ళ మాటకే బలం పెంచారు. మీరు 10,116 రాసినా అంతే. పెళ్ళి కానుక అనగానే ఊరికి గుర్తొచ్చేది అతనే.

ఇచ్చిన మాట నిలబెట్టుకున్నా ఓటు ఖాయం కాదు. రెండు రూపాయల బియ్యం నిజంగానే ఇచ్చిన ఎన్టీఆర్‌ను 1989లో ఓడించింది మీ కల్వకుర్తే. హిందూపురంలో గెలిచిన మనిషి ఇక్కడ కాంగ్రెస్ అభ్యర్థి చిత్తరంజన్ దాస్ చేతిలో ఓడిపోయారు. మీ ఊళ్ళో అరవై దాటిన వాళ్ళను కదిలిస్తే ఆ రోజుల గురించి గంటసేపు చెబుతారు.

బాండు పేపరు ముచ్చటకు వద్దాం. దీన్ని మన రాష్ట్రంలో అందరి నోటా నానేలా చేసింది 2019 నిజామాబాద్ లోక్‌సభ ఎన్నిక. పసుపు రైతులు కోపంతో నామినేషన్లు వేస్తే బరిలో 185 మంది మిగిలారు. బీజేపీ అభ్యర్థి ధర్మపురి అరవింద్ పసుపు బోర్డు తెస్తానని బాండు పేపరు మీద రాసిచ్చి గెలిచారు. ఆ తర్వాత ఏళ్ళ తరబడి ఆయన ఎక్కడికి వెళ్ళినా ఆ కాగితం వెంటపడింది. రైతులు దాని జిరాక్సులు పట్టుకుని నిలదీశారు. బోర్డు ఇవ్వాల్సింది కేంద్రం, రాసిచ్చింది అభ్యర్థి. చివరికి ప్రధాని ఆ ప్రకటన చేసింది మన మహబూబ్‌నగర్ సభలోనే, 2023 అక్టోబర్ 1న. బోర్డు ప్రారంభమైంది 2025 జనవరిలో. మధ్యలో 2024లో అరవింద్ మళ్ళీ గెలిచారు కూడా. కాబట్టి బాండు పేపరు రాసినవాళ్ళంతా మునిగిపోతారని నేను చెప్పను. మన చేతిలో లేని పనికి మన సంతకం పెడితే అయిదేళ్ళూ ఆ ఒక్క కాగితానికే జవాబు చెప్పుకుంటూ బతకాలి.

దానికి చట్టంలో విలువ ఎంత? ఓటుకు బదులుగా ఇస్తామన్న డబ్బును ఒప్పందం పేరుతో కోర్టులో వసూలు చేసుకోవడం కుదరదు. వంద రూపాయల స్టాంపు ఉన్నా లేకున్నా ఒకటే. కానీ అదే కాగితం మీ మీద సాక్ష్యంగా పనికొస్తుంది. ఓటు కోసం మనిషికి లాభం ముట్టజెప్పడమే కాదు, ఇస్తామనడం కూడా లంచమే అంటుంది భారతీయ న్యాయ సంహిత 170వ సెక్షన్. తీసుకున్నవాళ్ళదీ తప్పే. శిక్ష ఏడాది వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. అదే సెక్షన్‌లో ఒక మినహాయింపు ఉంది: ప్రజా విధానం ప్రకటించడం, ప్రజలందరి కోసం పని చేస్తామని మాట ఇవ్వడం నేరం కాదు. మోరీ కట్టిస్తామనడం రెండో రకం. మా జేబులోంచి మీ ఇంటి పెళ్ళికి పైసలిస్తామనడం మొదటి రకంలో పడే ప్రమాదం ఉంది. సంతకం పెట్టే ముందు కల్వకుర్తి కోర్టులో ఎవరైనా వకీలుకు చూపించండి. అవతలి వాళ్ళు రాసింది కూడా చూపించవచ్చు.

పెద్ద పార్టీలు ఇవ్వడం లేదా అని మీ మామ అంటారు, తెలుసు. ఆ వాదన సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. తమిళనాడులో ఉచిత టీవీల మీద వేసిన సుబ్రమణ్యం బాలాజీ కేసులో 2013 జూలైలో తీర్పు వచ్చింది. పార్టీ మేనిఫెస్టోలో ఇచ్చిన హామీ చట్టప్రకారం ఎన్నికల అవినీతి కిందికి రాదని చెబుతూనే, మేనిఫెస్టోలకు మార్గదర్శకాలు పెట్టమని ఎన్నికల సంఘానికి చెప్పింది. హామీకి డబ్బు ఎక్కడి నుంచి తెస్తారో స్థూలంగానైనా చెప్పాలన్న మాట ప్రవర్తనా నియమావళిలో చేరింది అలాగే. ఎంతమంది చెబుతున్నారో మీరూ చూస్తున్నారు. అయినా వాళ్ళు ఇచ్చేది ఖజానా నుంచి, అసెంబ్లీలో బడ్జెట్ పాస్ చేసుకుని. మీ ఇంట్లో అసెంబ్లీ లేదు, ఎకరం పొలం ఉంది.

పార్టీల హామీల నుంచి మీరు నేర్చుకోవాల్సింది వేరే ఉంది. 2023లో కాంగ్రెస్ ఆరు గ్యారంటీలు చెప్పింది. ఆడవాళ్ళకు ఉచిత బస్సు ప్రమాణ స్వీకారం అయిన రెండో రోజే, డిసెంబర్ 9న మొదలైంది. దానికి లబ్ధిదారుల జాబితా అక్కర్లేదు, దరఖాస్తు అక్కర్లేదు, బస్సెక్కితే చాలు. రైతు భరోసా ఎకరానికి ఏడాదికి 15,000 అన్నారు, 2025 జనవరిలో వచ్చేసరికి 12,000 అయింది. ఇప్పుడు ఏ హోటల్ ముందు కూర్చున్నా 12,000 వచ్చిందన్న మాట కంటే 3,000 తగ్గిందన్న మాటే ముందు వినిపిస్తుంది. అంతకుముందు 2018లో టీఆర్ఎస్ నిరుద్యోగ భృతి 3,016 అంది. అది రాలేదు. పోటీ పరీక్షలకు చదివే పిల్లలకు ఆ అంకె ఇప్పటికీ నోటికి వచ్చు. 3,000 అని ఉంటే మరచిపోయేవారేమో, ఆ పదహారే కొంప ముంచింది.

పాలమూరు-రంగారెడ్డి ఎత్తిపోతలకు 2015 జూన్ 11న కరివెన దగ్గర శంకుస్థాపన జరిగింది. నార్లాపూర్‌లో మొదటి మోటారు ఆన్ చేసింది 2023 సెప్టెంబర్ 16న. అప్పటికి కాల్వల కింద పొలాలకు నీళ్ళు లేవు. రెండున్నర నెలల్లో ఓట్లు పడ్డాయి. 2018లో ఉమ్మడి మహబూబ్‌నగర్‌లోని 14 సీట్లలో 13 టీఆర్ఎస్‌కు ఇచ్చిన జనం, 2023లో 12 కాంగ్రెస్‌కు ఇచ్చారు. అంతా మోటారు వల్లే అనడం తప్పు. కానీ ముంబైకి, పుణెకు కూలికి వెళ్ళి, ఓట్ల కోసం పెట్టిన బస్సుల్లో తిరిగొచ్చినవాళ్ళు దారి పొడవునా తమ ఎండిన పొలాలు చూస్తూనే వచ్చి ఉంటారు. మీ ఎన్నికలకు కూడా అలాంటి బస్సులు వస్తాయి. కిరాయి ఎవరు కట్టారని ఆ బస్సులో కూర్చున్నవాళ్ళు ఎవరూ అడగరు, అది వేరే సంగతి.

హామీ అంటే నాయకుడు ఇస్తే జనం తీసుకునేది అనుకుంటాం. నల్లగొండ దీన్ని తిరగేసింది. 1996 లోక్‌సభ ఎన్నికల్లో ఫ్లోరైడ్ నీళ్ళ గోడు ఢిల్లీకి వినిపించాలని జలసాధన సమితి పిలుపుతో జనం గుంపులుగా నామినేషన్లు వేశారు. బరిలో 480 మంది నిలిచారు. బ్యాలెట్ పేపరు కాస్తా పుస్తకమైంది. కాళ్ళు వంకరపోయిన పిల్లల ఫొటోలు చూసి కదలని ఢిల్లీ, బ్యాలెట్ అచ్చు వేయలేక కదిలింది. ఆ ఏడాదే డిపాజిట్ 500 నుంచి 10,000కు పెంచి, మళ్ళీ ఎవరూ అంత సులువుగా ఆ పని చేయకుండా చూసుకుంది కూడా. ఏమైనా ఆ తర్వాత నల్లగొండలో ఓటు అడగాలంటే కృష్ణా నీళ్ళ మాట ఎత్తక తప్పలేదు. 2015లో ఇంటింటికీ నల్లా నీళ్ళిచ్చే వాటర్ గ్రిడ్ పథకం పైలాన్‌ను చౌటుప్పల్‌లో పెట్టడం ఊరికే జరగలేదు. ఇంటింటికీ నల్లా ఇవ్వకపోతే ఓట్లు అడగనని కేసీఆర్ తన మీద తనే షరతు పెట్టుకున్నది ఆ పథకం మీదే.

మునుగోడులో ఎమ్మెల్యే రాజీనామాతో వచ్చిన 2022 ఉప ఎన్నిక నాటికి జనం ఇంకో మెట్టు ఎక్కారు. జనం అడుగుతున్నట్టే ఎన్నికకు ముందే గట్టుప్పల్ మండలమైంది. చుట్టుపక్కల నియోజకవర్గాల్లో "మా ఎమ్మెల్యే కూడా రాజీనామా చేస్తే బాగుండు" అని నవ్వుతూనే అనేవారు. ఆ నవ్వులో సగం నిజం ఉంది. ఓటుకున్న ధర తెలిసిన జనం వాళ్ళు. వాళ్ళను అమాయకులని మీ బావగారు అనుకుంటే పొరపాటు.

సరే, మీరేం రాయాలి? బాండు పేపరు వద్దు, మామూలు కాగితం చాలు. సర్పంచి సంతకంతో అయ్యే పనులు నాలుగైదు, అవి ఏ నిధి నుంచి, ఏ నెలలోగా. ఉదాహరణకు, ఎస్సీ కాలనీ మోరీ అని రాస్తే ఎక్కడి నుంచి ఎక్కడి దాకా అన్నది కూడా రాయండి. ఏ వీధిలో స్తంభాలకు లైట్లు లేవో రాత్రి ఒకసారి తిరిగి చూసి రాయండి. గ్రామసభ రెండు నెలలకోసారి జరగాలని 2018 పంచాయతీరాజ్ చట్టమే చెబుతోంది. ప్రతి సభలో జమాఖర్చు చదివి వినిపిస్తానని రాయండి. సంఘం ఆడవాళ్ళకు మీ లెక్క మీద నమ్మకం ఉంది కాబట్టి ఈ మాటకు మీ ఊళ్ళో విలువ ఉంటుంది. అవతలివాళ్ళు ఎంత పెద్ద అంకె రాసినా ఈ మాట రాయలేరని నా అంచనా.

కమాను గురించి పట్టించుకోకండి. ఎవరో ఒక దాత పేరుతో అదే వస్తుంది.

కోతుల మాట మాత్రం తప్పించుకోలేరు. వానాకాలం కంది, పల్లి పోగొట్టుకున్న రైతుకు అది కమాను లాంటి ముచ్చట కాదు. పట్టేవాళ్ళను పిలిపిస్తామని చెప్పవచ్చు. బెడద లేకుండా చేస్తామని మాత్రం రాయకండి. పట్టిన కోతులను పక్క ఊరి గుట్టలో వదిలితే వాళ్ళు రాత్రికి రాత్రి మీ పొలిమేరలోకే తోలతారు. ముందు ఆ ఊరి వాళ్ళతో మాట్లాడుకోవాలి, అటవీ శాఖను అడగాలి. ఇంతే చెప్పండి, రైతుకు అర్థమవుతుంది.

బెల్టు షాపు సంగతి ఇంకా చిక్కు. అది అసలే చట్టవిరుద్ధం, మూయించాల్సింది ఎక్సైజ్ వాళ్ళు. మూయిస్తామంటే ఆడవాళ్ళు చప్పట్లు కొడతారు, మగవాళ్ళు చాలామంది మౌనంగా ఉంటారు, షాపు నడిపేవాడు మాత్రం అవతలివాళ్ళకు ఖర్చు పెడతాడు. నా మాటగా చెబుతున్నా, అయినా ఎత్తండి. మొదటి గ్రామసభలోనే తీర్మానం పెట్టి, నకలు ఎక్సైజ్ స్టేషన్‌లో ఇచ్చి రసీదు తీసుకుంటానని చెప్పండి. ఆ రెండూ మీ చేతిలో ఉన్నవి. దీనివల్ల కొన్ని ఓట్లు పోతాయి, పోనివ్వండి. సంఘంలో పొదుపు కట్టలేకపోతున్న ఆడవాళ్ళు ఎందుకు కట్టలేకపోతున్నారో ఆ లెక్క రాసే మీకు తెలియనిది కాదు.

ఓడిపోతారా అంటే, ఓడిపోవచ్చు. డబ్బు, కులం, ఇంటి పేరు, ఎవరి వెనక ఎవరున్నారు అన్నవన్నీ సర్పంచి ఎన్నికల్లో హామీల కంటే ముందు నడుస్తాయి. పార్టీ గుర్తులు లేని ఎన్నిక కాబట్టి మొహం చూసి వేసే ఓటు ఎక్కువ. కానీ 10,116 రాసి ఓడితే మీకు అప్పు మిగులుతుంది. రాసి గెలిస్తే అంతకంటే పెద్ద అప్పు.

మీ మామతో మాట్లాడేటప్పుడు గొంతు పెంచకండి. "పొలం అమ్మితే నేను నిలబడను" అని ఒక్కసారి, అత్తమ్మ ముందు అనండి. నామినేషన్ మీ పేరు మీద, సంతకం మీది. కేసైనా మీ మీదే అవుతుంది. బావగారి మీద కాదు.

ఇంకో రెండు సంగతులు. చెక్కు మీద మీ ఒక్కరి సంతకం చెల్లదు, ఉప సర్పంచి సంతకం కూడా ఉండాలి. ఆ మనిషిని వార్డు మెంబర్లు తమలోంచి ఎన్నుకుంటారు. అందుకే మీ కాగితాన్ని వార్డులకు నిలబడేవాళ్ళకు ముందే చూపించండి. వాళ్ళు ఒప్పుకోని పని అందులోంచి తీసేయండి. అయిదు వేల లోపు జనాభా ఉన్న ఊళ్ళో సర్పంచి అభ్యర్థి పెట్టాల్సిన ఖర్చుకు పరిమితి 1.5 లక్షలు. గెలిచినా ఓడినా ఫలితం వచ్చిన 45 రోజుల్లో లెక్క చూపించాలి. టెంటు, మైకు, కరపత్రాలు, ఆటో కిరాయి, ప్రతిదానికీ బిల్లు అడిగి తీసుకుని, సంఘం పుస్తకంలో కలపకుండా వేరే నోట్‌బుక్‌లో ఈ రోజు నుంచే రాసుకోండి.